సంఘం తాళం

షట్టర్‌కు తాను వేసిన తాళం పక్కనే మరో తాళం వేలాడుతుండటం చూసి, వీణ తాళంచెవి పట్టుకున్న చేతిని వెనక్కి తీసుకుంది.

అది సంఘం తాళం. అరచేతి వెడల్పున్న ఇత్తడిది. కొక్కేనికి ఎర్రగుడ్డ పేలిక చుట్టి ఉంటుంది. లాల్‌దర్వాజా పక్కన కుంకుమ గల్లీలో దుకాణం ఉన్నవాళ్లకు ఆ పేలిక కనపడితే చాలు, ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. అది పడ్డ దుకాణం అమరనాథ్ సేటు తియ్యమనే దాకా తెరుచుకోదు. వ్యాపారుల సంఘానికి ఆయన ఎప్పటినుంచి పెద్దో గల్లీలో సగంమందికి గుర్తులేదు. ఆ తాళం పగలగొట్టినవాడు ఇంతవరకు లేడు. పగలగొడితే ఏమవుతుందో కూడా ఎవరికీ తెలియదు.

లోపల బోనం కుండలున్నాయి. నిన్న సాయంత్రం సున్నం పూసి, వరసగా బోర్లించి వెళ్లింది. ఇవాళ పసుపు పూయాలి. సున్నం బాగా ఆరకముందు పసుపు తగిలితే కుండ ఎర్రబడిపోతుంది. ఆరాక వదిలేస్తే ఈ ముసురులో, గాలాడని గదిలో, కుండ చెమ్మ పీల్చి సున్నం పెచ్చులు లేస్తుంది. ఆదివారం బోనాలు. ఈ పండుగ పనే ఇంటికి ఏడాది తిండి. సోమవారం నాడు బోనం కుండ కావాలని అడిగే మనిషి ఉండడు.

ఎదురు దుకాణంలో కుంకుమ జల్లిస్తున్న మనీష్ జల్లెడ ఆపి, వెంటనే మళ్లీ ఊపడం మొదలుపెట్టాడు. టీకొట్టు ప్రకాశం రోజూ ఆమె షట్టర్ ఎత్తే చప్పుడుకే గ్లాసు పంపేవాడు. ఇవాళ అటు దుకాణానికి, ఇటు దుకాణానికి పంపి, మధ్యలో ఉన్న ఆమెను దాటించేశాడు. గల్లీ మొదట్లో కృపాకర్ ఒక్కడే తలెత్తి సూటిగా చూశాడు. అతనిది పల్లీల బండి. చలికాలంలో ఒక పొద్దున బండి చక్రానికి ఇలాంటి తాళమే పడింది. అప్పటినుంచి గంప ముందేసుకుని కింద కూర్చుంటున్నాడు.

నడుముకు తాళంచెవుల గుత్తి కట్టుకుని గల్లీ కాపలా తిరిగే దుర్గయ్యను ఆమె మూలమీద పట్టుకుంది.

"ఎవలు ఏయమన్నరు దుర్గన్నా?"

"జగదీశ్వర్ సాబ్ చెప్పిండు, ఏసిన. ఎందుకు, ఏంది అని నేను అడుగ. నువ్వు నన్ను అడుగకు."

సంఘం కార్యదర్శి జగదీశ్వర్‌కు అగరుబత్తుల టోకు వ్యాపారం. దాని పైగదే సంఘం ఆఫీసు. వీణ మెట్లెక్కి వెళ్లేసరికి ఆయన లేచి కుర్చీ జరిపాడు, టీ తెప్పించాడు, అత్తమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. ఆ మర్యాద చూశాక ఆమెకు ఆయన అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

సంగతి మెల్లగా చెప్పాడు. నిన్న సాయంత్రం సేటు ఎప్పటిలాగే గల్లీలో నడుస్తూ ఆమె దుకాణం ముందు ఆగారు. ఆమె వీధికి వీపు పెట్టి, కుండ ఒళ్లో పెట్టుకుని సున్నం పూస్తోంది. సేటు కాసేపు చూశారు. తల ఇటూ అటూ ఊపారు. వెళ్లిపోయారు.

"నోటితోని ఏమన్లేదా?"

"సేటు నోటితోని చెప్పే రోజులు ఎప్పుడో పోయినయ్ వీణమ్మా. మేం చూసి సమజ్ చేస్కుంటం. ఆయన చెప్పేదాంక ఆగితే ఇంకొకడు నాకంటె ముందు సమజ్ చేస్కుంటడు. అప్పుడు నేనెందుకు?"

తన తప్పేమిటని ఆమె అడిగింది. అది ఆమెకే తెలియాలన్నాడు. పండుగ కానిచ్చి, ఒక కొబ్బరికాయ పట్టుకుని వెళ్లి సేటు కాళ్లకు దండం పెట్టుకుంటే మెత్తబడతారని సలహా ఇచ్చాడు. పండుగ అయ్యాక తాళం తీస్తే తనకు మిగిలేది పెచ్చులూడిన మట్టికుండలని ఆమె అంటే, నిజంగానే బాధపడ్డట్టు కళ్లు దించుకున్నాడు.

కిందికి దిగేసరికి తప్పులు తయారుగా ఉన్నాయి. సేటు వస్తుంటే వీపు చూపించడమే తప్పన్నాడు మనీష్. పెద్దాయన నిలబడితే లేచి నిలబడాలి కదా అన్నాడు. దారాలమ్మే ఆయన లెక్క వేరు. పోయినేడు ఆమె గల్లీవాళ్లను కాదని కిషన్‌బాగ్ కాలనీకి కుండలు పంపింది, ఆ కోపం ఇప్పుడు బయటపడిందన్నాడు. సున్నం నీళ్లు మోరీలో కాకుండా దారిలో పారబోస్తుందని ఇంకొకరు గుర్తుచేశారు. ఎవరూ ఆమె మీద పగతో అనలేదు. తాళం పడిందంటే దానికింద తప్పు ఉండి తీరాలి, లేకపోతే రేపు తమ షట్టర్ సంగతేమిటి? మధ్యాహ్నానికి వీణ తనంతట తనే ఇంకో తప్పు వెతికి పట్టుకుంది. మొన్నెప్పుడో ఫోనులో మాట్లాడుతూ పడిపడి నవ్వింది. అదే సమయానికి సేటు అటు పోతున్నాడు. ఆ నవ్వు తనను చూసే అనుకున్నాడేమో.

ఇంటికొచ్చి ఆ మాట అంటే సుందరమ్మ కోడలి వంక వింతగా చూసింది. ఆ దుకాణంలో ఆమెకంటే ముందు కుండలకు బొట్లు పెట్టిన మనిషి సుందరమ్మే.

"నవ్వితె తాళమేస్తరా? నేను నలభై ఏండ్లు ఆడ కూసోని ఎవలెవల్ని ఏమేం తిట్టిన్నో తెలిస్తె గల్లీ మొత్తానికి ఏయాలె."

డ్యూటీ దిగి వచ్చిన భర్త ప్రేమ్‌రాజ్ ఖాకీ చొక్కా విప్పకుండానే మంచం మీద కూలబడ్డాడు. అతను సిటీ బస్సు కండక్టరు. పోలీసులకు చెబుదామా అని వీణ అడిగితే, వాళ్లు మొదట వెళ్లి సేటునే అడుగుతారు, అడిగినట్టు ఊరంతా తెలుస్తుంది అన్నాడు. తమ డిపోలోనూ ఇదే తంతు, పెద్దసారు దగ్గితే ఇద్దరు తమ సెలవులు తామే రద్దు చేసుకుంటారని చెప్పి నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. అతను, పోయి కాళ్లు మొక్కితే పోయేదేముంది అన్నాడు.

మొక్కడానికి ఆమె సిద్ధమే. ఏ తప్పుకు మొక్కాలో తెలియక ఆగింది.

మర్నాడు పొద్దున బియ్యం కడుగుతుంటే ఫోను మోగింది. సేటు కోడలు స్రవ్య.

"అక్కా, మా అత్తమ్మ అడుగుతున్నది. మా కుండ ఎప్పుడు పంపుతవ్? ఈసారి బొట్లు కొంచెం పెద్దగ పెట్టుమన్నది."

గల్లీలో మొదటి బోనం సేటు ఇంటినుంచే లేస్తుంది. ఆ కుండ సుందరమ్మ కాలం నుంచీ ఈ దుకాణానిదే. వీణ తడిచేత్తో ఫోను పట్టుకుని గోడకు ఆనుకుంది. ఆ కుండ కూడా తాళం వెనకే ఉంది. తన ఇంటి బోనాన్ని తనే లోపల పెట్టి తాళం వేయించుకునే మనిషి ఉంటాడా? పోనీ వేయించాడనుకున్నా, పెళ్లానికి ఒక మాట చెప్పడా?

"అక్కా, వినొస్తుందా? షాపులనే ఉన్నవా?" అంది స్రవ్య.

ఆ ఇంట్లో తాళం సంగతి తెలియదు. వీణ బియ్యం అలాగే వదిలేసి చీర మార్చుకుంది.

సేటు ఇల్లు గల్లీ చివర, రెండు దుకాణాల మధ్య సందులోంచి లోపలికి. ఆమె ఆ సందులో తిరగడం ఎవరు చూశారో, ఎంత తొందరగా కబురు చేశారో, ఆమె చెప్పులు విప్పేలోపే జగదీశ్వర్ వెనకాల వచ్చి నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. ఆమెకంటే ముందు లోపలికి నడిచాడు.

అమరనాథ్ సేటు హాల్లో పెద్ద కుర్చీలో ఉన్నాడు. దూరంగా నడిచిపోయే మనిషిగానే వీణకు ఆయన తెలుసు. దగ్గరగా చూస్తే చిన్నగా ఉన్నాడు. తలను వెనక దిండుకేసి గట్టిగా నొక్కిపెట్టి, పైకప్పు చూస్తున్నట్టు కూర్చున్నాడు. ఆయన భార్య రుక్మిణమ్మ మజ్జిగ గ్లాసు తెస్తూ వీణను చూసి, కుండ తెచ్చినవా బిడ్డా అని అడిగింది.

జగదీశ్వర్ గొంతు సవరించుకున్నాడు. దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ వీణకు పోయాయి. కాళ్లు మొక్కాలన్నదీ పోయింది.

"సేటు, నా దుకాన్‌కు తాళం మీరు ఏయమన్నరా?"

ఆ ప్రశ్న ఆయన్ను ఇంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. సేటు ఆమెను చూడటానికి దిండు మీదినుంచి ముందుకు వంగాడు. తల ఎడమకు కదిలింది, కుడికి కదిలింది, మళ్లీ ఎడమకు.

"చూసినవా?" జగదీశ్వర్ మెల్లగా అన్నాడు. "తియ్యనంటున్నడు."

"నేను తియ్యమని అడగలే అన్నా. ఏయమన్నరా అని అడిగిన."

సేటు జగదీశ్వర్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందని వీణ అనుకుంది. లేదు. జవాబు కోసం పక్కవాడి ముఖం చూసే మనిషి చూపులా ఉంది. తర్వాత నోరు తెరిచాడు.

"తెరువుండ్రి."

అంటున్నప్పుడూ తల అలాగే ఊగుతోంది. మీరెట్లంటే అట్ల అని జగదీశ్వర్ చేతులు జోడించాడు. రుక్మిణమ్మ దిండు సర్దింది. సేటు తల ఆనించగానే ఊగడం ఆగిపోయింది. తర్వాత మజ్జిగ కోసం ముందుకు వంగాడు. తల మళ్లీ వద్దు వద్దన్నట్టు ఊగుతూనే ఉంది. ఆయన గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఇంకొంచెం పొయ్యి అన్నాడు.

వీణ అది చూసింది. రుక్మిణమ్మ ఆమె చూడటాన్ని చూసింది. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున షట్టర్‌కు రెండు ఇత్తడి తాళాలున్నాయి.

వీణ మెట్టు మీద కూర్చుంది. రాత్రంతా వాన. షట్టర్ కిందినుంచి చెమ్మ వాసన వస్తోంది. వంగి సందులోంచి చూస్తే దగ్గరున్న కుండ అంచు కనిపించింది. తెల్లటి సున్నం మీద బూడిదరంగు మచ్చ పాకుతోంది. వేలు పెడితే అందేంత దగ్గరలో లేదు.

దుర్గయ్యను పిలిచింది. సేటు తెరవమన్నాడని, తన చెవులతో విన్నానని చెప్పింది. అతను కూడా విన్నాడట, గల్లీ అంతా విన్నదట. సేటు నోటితో తెరవమన్నాడు, తలతో వద్దన్నాడు అని నిన్న సాయంత్రానికే అందరూ చెప్పుకున్నారు. ఇంట్లో ఆడవాళ్ల ముందు, గడపలోకి వచ్చిన మనిషి ముందు, ఏమంటాడు మరి?

"నోరు మర్యాదకు మాట్లాడ్తది బిడ్డా. తల అబద్ధం ఆడది. నువ్వు ఇంటిమీదికి పోయి అడిగినవని ఇంకోటి ఏసినం."

"అది గూడ సేటే చెప్పిండా?"

దుర్గయ్య గుత్తిని పంచెలోకి దోపుకున్నాడు.

ఆమె ఈసారి సంఘం ఆఫీసు మెట్లు రెండేసి ఎక్కింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. సేటు తల మజ్జిగ తాగేటప్పుడు కూడా ఊగిందని చెప్పింది. అది వద్దనడం కాదు, వణుకు, జబ్బు అని చెప్పింది. జగదీశ్వర్ లేచి తలుపు వేసి వచ్చాడు.

"ఇంకోసారి ఆ మాట అనకు."

"మీరు గూడ చూసిన్రు గదా అన్నా."

ఆయన బల్ల మీదున్న అగరుబత్తి కట్టను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒక పుల్ల విరిగింది. మాట్లాడినప్పుడు ఆ గొంతులో నిన్నటి మెత్తదనం లేదు.

"జబ్బే అంటవు. సరే. మరి కృపాకర్ బండి? మూలమీద పూలమ్మే ఆమెను లేపినం, అదేంది? సేటు తల చూసే చేసినం అవన్ని. జబ్బైతే, వాటిని ఎవలు చేసినట్టు? నేనా?"

వీణ ఏం చెప్పినా ఆయన వినే స్థితిలో లేడు. సేటు తల ఆరోగ్యంగా ఉండటం సేటుకంటే జగదీశ్వర్‌కే ఎక్కువ అవసరమని ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. మెట్లు దిగుతూ జరిగినదంతా ఒకసారి లెక్కపెట్టుకుంది. తాళం వేయమని చెప్పని మనిషి దగ్గరికి పోయి తియ్యమని అడిగింది. ఆయన తియ్యమన్నాడు. ఇంకో తాళం పడింది. ఇక ఎవరిని అడగాలి?

రుక్మిణమ్మను అడిగింది. పెరటి తలుపు దగ్గర నిలబెట్టి రుక్మిణమ్మ అంతా విన్నది. చలికాలం నుంచి ఉన్నదట ఆ వణుకు. సైదాబాద్‌లో డాక్టరుకు చూపించారు, మాత్రలు వాడుతున్నారు. ఎవరికీ చెప్పొద్దని సేటు ఒట్టు వేయించుకున్నాడు. అందుకే దిండు, అందుకే చీకటిపడే వేళ తలకు తువాలు చుట్టుకుని నడక. వీణ రెండో తాళం మాట చెప్పేసరికి ఆ పెద్దామె కొంగు ముడి విప్పి, మళ్లీ కట్టుకుంది. రేపు పొద్దున దుకాణం దగ్గరే ఉండమంది.

శనివారం పొద్దున గల్లీ పండుగ రద్దీతో కిటకిటలాడుతోంది. వేపమండల కట్టలు, పసుపు కొమ్ములు, దీపం ప్రమిదలు. జనం వీణ దుకాణం దాకా వచ్చి, తాళాలు చూసి, పక్కకు తిరిగి పోతున్నారు. కొన్నాళ్ల కిందట కుండకు మాట ఇచ్చి పోయిన ఒకామె, చార్మినార్ వైపు రంగు కుండలు దొరుకుతాయట కదా అని ఆమెనే దారి అడిగింది.

జల్లెళ్ల చప్పుడు ఒక్కసారి ఆగింది. సేటు వస్తున్నాడు. పగటి వెలుగులో, తలకు తువాలు చుట్టుకోకుండా, భార్య మోచెయ్యి పట్టుకుని. కూర్చున్నవాళ్లు లేచారు. ఎవరు పిలిచారో జగదీశ్వర్ అప్పటికే షట్టర్ పక్కన ఉన్నాడు. దుర్గయ్య ఆయన వెనక నిలబడ్డాడు.

సేటు తాళాలను చూశాడు. తియ్యమన్నాడు.

ఎవరూ కదల్లేదు. అందరి కళ్లూ ఆయన నోటిమీద కాదు, తలమీద ఉన్నాయి. అది ఇటూ అటూ ఊగుతోంది.

"దుర్గయ్యా, తియ్యి."

దుర్గయ్య జగదీశ్వర్‌ను చూశాడు. జగదీశ్వర్ చేతులు కట్టుకుని నేలను చూస్తున్నాడు. సేటుకు ఆరోగ్యం బాగలేదు, ఇంటికి తీస్కపోండి అమ్మా అని రుక్మిణమ్మతో ఎంతో గౌరవంగా అన్నాడు. సేటు గొంతు పెంచి మూడోసారి చెప్పబోయాడు. గొంతు పెంచేసరికి తల ఇంకా జోరుగా ఊగింది. వెనక ఎవరో స్త్రీ, పాపం పెద్దాయన వద్దంటున్నడు అంది.

ఇంతమంది ముందు ఆయన మాట ఓడిపోతే ఆ తాళాలు ఇక ఎప్పటికీ తెరుచుకోవని వీణకు తెలుసు.

సేటు రెండు చేతులతో తన దవడలు పట్టుకున్నాడు. తల ఆగింది. దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. గల్లీలో ఎవరూ ఆయన్ను నేలమీద కూర్చోగా చూడలేదు.

"ఇది వద్దనుడు గాదు," అన్నాడు. "నాకు తలవణుకు. నేను ఊపుతలేను. అదే ఊగుతది."

చేతులు తీశాడు. తల ఊగింది. మళ్లీ పట్టుకున్నాడు. ఆగింది. పిల్లలకు చూపించినట్టు ఇంకోసారి చూపించాడు.

జనంలోంచి కృపాకర్ ముందుకు వచ్చాడు. చేతిలో పల్లీల గంప అలాగే ఉంది.

"సేటు, మరి నా బండి?"

"ఉండనియ్యి అందామనుకున్న కృపాకర్. బండి ఈడ్నే ఉంచుకోనా అని నువ్వు అడిగినవ్, నేను నోరు తెరిచేలోపట తల ఊగింది. నువ్వు దండం పెట్టి పోయినవ్."

దుర్గయ్య పంచెలోంచి గుత్తి తీశాడు. జగదీశ్వర్ చేతికివ్వలేదు, సేటుకూ ఇవ్వలేదు. వంగి మెట్టు మీద పెట్టి పక్కకు జరిగాడు. వీణ తీసుకుంది. ఒక తాళం, రెండో తాళం, ఆఖరున తనది. షట్టర్ ఎత్తుతుంటే చప్పుడుకు సేటు ఉలిక్కిపడ్డాడు, లేవలేదు. లోపలి గాలి బరువుగా వచ్చి ముఖానికి తగిలింది. ముందు వరసలోవి పోయాయి. మచ్చలు పట్టి, సున్నం పెచ్చులుగా వేలాడుతోంది. వెనక వరస గట్టిగానే ఉంది. ఒక కుండమీద గోటితో గీసి చూసింది. ఎముకలా ఆరింది. ఈ పూటే మొదలుపెడితే వెనకవాటికి రేపటికి బొట్లు పడతాయి. పసుపు గిన్నె కోసం చెయ్యి చాచింది.

జగదీశ్వర్ అప్పటికి అక్కడ లేడు. అతను ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. అంతా సేటు మాటలే వింటున్నారు. ఆయన ఆపలేదు. ఎవరూ అడగకపోయినా, కుండల వైపు వీపు పెట్టి, దవడలు పట్టుకునే చెబుతున్నాడు.

"జగదీశ్వర్‌ను అనకుండ్రి. ఆయన తాళమేసిండు, అంతే. కృపాకర్ బండికి తెల్లారి తాళం కనబడితే నాకు ముందు భయమైంది. నేను అన్లేదు గదా, ఎట్ల పడ్డది అని. తర్వాత ఇంకో మాట మనసుల పడ్డది. నోరు తెరవకుంటనే బండి ఆగిపోయింది అని. మంచిగనే అనిపించింది నాకు. ఇంట్ల నా మాత్ర ఎక్కడున్నదో నేను ఎతుక్కోలేను, ఈడ నా తల ఊగితే చక్రం ఆగుతది. మీరంత ఈ గల్లీని నేను నడిపిస్తున్ననుకున్నరు. అది ఎటు పోతదో చూసి, దానికంటె ముందు పోయి నిలబడుడే నేను చేసిన పని."

రుక్మిణమ్మ చాలు పదమంది. ఆయన ఆమె చెయ్యి తీసేశాడు.

"నీకు అసలు సంగతి చెప్పలే బిడ్డా. నువ్వు ఇంటికొచ్చి అడిగినప్పుడే నాకు ఎరుకైనట్టు ఉన్న. అబద్ధం. మొదటిరోజు నీకంటె ముందు ఈ తాళం నేను చూసిన. నిద్ర పట్టక తెల్లారక ముందే నడవొచ్చిన. ఎర్రగుడ్డ చూసిన. నేను ఏయమన్లేదని నాకు తెలుసు. ఎవలేసిన్రని ఒక్కమాట గట్టిగ అడిగితె, దుర్గయ్య అప్పుడే తీస్తుండె. అడిగితె నాకు తెల్వకుంట గూడ ఈడ తాళాలు పడ్తయని అందరికి తెలుస్తది. అందుకే నాదే అనుకోనిచ్చిన. షట్టర్ కింద సందులకెల్లి పచ్చి సున్నం వాసనొస్తుండె. ఆగిన. ఎవలన్న చూస్తున్నరా అని అటు ఇటు చూసిన. ఎవలు లేరు. నడిచిపోయిన."